ఫీజు ఒక్కటే ఖర్చు కాదు

రక్త నమూనాలు తీసే సర్టిఫికెట్ కోర్సు కోసం ఉద్యోగం మానేయవచ్చా అని అడిగారు. మీరు ఫీజు ఒక్కటే లెక్కవేశారు. చదివే కాలంలో పోయే జీతం దానికంటే పెద్దది. ఫీజు మీ 4 నెలల జీతమంత, చదువు 6 నెలలు అనుకుంటే, మొత్తం 10 నెలల జీతం. కొత్త కొలువులో పావు వంతు ఎక్కువ వచ్చినా అది తిరిగి రావడానికి 40 నెలలు. ఉద్యోగం వదలకుండా సాయంత్రం తరగతులకు వెళ్తే 16 నెలలే.

కోర్సులో నిజమైన మనుషులకు ఎన్నిసార్లు సూది గుచ్చనిస్తారో నడిపేవాళ్లను గట్టిగా అడగండి. ప్లాస్టిక్ చేతిలోంచి ఎర్రనీళ్లు లాగడం వేరు, భయంతో చెయ్యి వెనక్కి లాక్కునేవారికి నరం వెతకడం వేరు. ఫీజు కట్టకముందే రెండు మూడు ల్యాబులకు ఫోను చేసి, ఈ సర్టిఫికెట్‌ చూసి ఉద్యోగం ఇస్తారేమో కనుక్కోండి.