పాండువా, ధూసరమా?

సందేహం: గది గోడలకు రెండు రంగుల నమూనాలు తెచ్చుకున్నాం. ఒకటి మీగడలా ఉంది, రెండోదానిలో మట్టి జీర కనిపిస్తోంది. ఇంట్లోవాళ్లు రెండింటినీ 'క్రీమ్ కలరే' అంటున్నారు. తెలుగులో వీటికి వేరే పేర్లున్నాయా? ఏది వేయించుకోవాలి?

సమాధానం: పేర్లకేం కొదవ? 'హరిణః పాండురః పాండురీషత్పాండుస్తు ధూసరః' అని పాత సంస్కృత నిఘంటువు అమరకోశం. పాండువంటే పసుపు జీర కలిసిన తెలుపు. ఈషత్ అంటే కొంచెం. ఆ పాండుత్వం కొద్దిగానే ఉన్నది ధూసరం, దుమ్ము పట్టినట్టుండే వన్నె. మీ మీగడ రంగు పాండువు, మట్టి జీరది ధూసరం. వ్యాసుణ్ణి చూసి అంబాలిక పాలిపోయినందుకే ఆమె కొడుకు పాండురాజయ్యాడు. పాండురోగమూ ఈ మాటతో వచ్చిందే.

ఇంత సూక్ష్మంగా పేర్లు పెట్టుకున్నవాళ్లం, ఇప్పుడు గోడలన్నిటికీ 'లైట్ కలర్' అని ఒకటే ముద్ర వేస్తున్నాం. తేడాకు పేరు పెట్టడం మానేస్తే తేడాను చూడటమూ మానేస్తాం. ఇది నాకు బాధగానే ఉంది.

'షేడ్' అనే చోట మనకు చక్కటి మాట చాయ ఉంది. సంస్కృత ఛాయకు అదే కోశం 'ఛాయా సూర్యప్రియా కాంతిః ప్రతిబింబమనాతపః' అని నాలుగు అర్థాలు చెప్పింది: సూర్యుడి భార్య, కాంతి, ప్రతిబింబం, నీడ. వెలుగునూ నీడనూ ఒకే మాట చెప్పడం చూడండి! గోడ రంగు విషయంలో ఇది అక్షరాలా నిజం. డబ్బాలో ఉన్నది రంగు. గోడమీద వెలుగూ నీడా కలిసి తేల్చేది చాయ. ఎదురుగా ఎర్ర గచ్చు ఉంటే దాని ప్రతిబింబం కూడా గోడమీదికి ఎక్కుతుంది. చామనచాయలోనూ ఉన్నది ఈ చాయే.

అందుకే అరచేతిలో పట్టే నమూనా చూసి తేల్చకండి. రెండింటినీ గోడమీద పెద్ద చదరాలుగా, రెండేసి పూతలు వేయించి, పొద్దునా మధ్యాహ్నమూ దీపాలు పెట్టాకా చూడండి. పసుపు వెలుగు దీపాల కింద పాండువు మరింత పచ్చబడుతుంది. వెలుతురు తక్కువైన గదిలో ధూసరం మాసినట్టు కనిపించవచ్చు. ఎండ బాగా పడే గదైతే నేను ధూసరం వైపే మొగ్గుతాను. అయితే మీ గచ్చూ తలుపులూ ఏ వన్నెవో రాయలేదు. అవి చూడకుండా ఇదే వేయించండని గట్టిగా చెప్పలేను.