నంది కొండ ఎక్కకండి, చుట్టూ తిరగండి

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో ఉంటున్నారు, కొత్తగా రోడ్ సైకిల్ కొన్నారు, ఎవరిని అడిగినా "నంది హిల్స్ ఎక్కండి" అంటున్నారు. మీకేమో ఎన్ని నిమిషాల్లో ఎక్కామన్న టైమింగుల గొడవ అక్కర్లేదు. బండ్ల గోల లేని రోడ్డు, పక్కన ద్రాక్షతోటలు, దగ్గర్లో కొండలు ఉంటే చాలు. అలాంటి దారి ఉందా, వెళ్తే ఏం చూసుకోవాలి?

ఉంది. అదీ నంది దగ్గరే ఉంది. మీకు చెప్పినవాళ్లు చోటు సరిగ్గానే చెప్పారు, ఎక్కడ ఆగాలో చెప్పలేదు. కొండ మొదట్లో ఆగిపోయి, ఎక్కే రోడ్డు వదిలేసి, చుట్టూ ఉన్న ఊళ్ల రోడ్లు పట్టుకోండి. యలహంకలో కాపురం పెట్టినప్పటి నుంచి నేను చేస్తున్నది అదే. పైకి ఎక్కింది తక్కువ, చుట్టూ తిరిగింది ఎక్కువ.

ముందు ఆ కొండ సంగతి చెప్పేస్తాను. శిఖరం సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తు. కింది నుంచి 7-8 కిలోమీటర్ల ఎక్కుడు, చివరి రెండు కిలోమీటర్లు మరీ నిటారు. మంచి రోడ్డే, కాళ్లలో సత్తా ఉన్నవాళ్లకు పండగే. కానీ శని, ఆదివారాల్లో సూర్యోదయం చూడాలని బయల్దేరే కార్లు, బైకులు తెల్లారకముందే ఆ రోడ్డును నింపేస్తాయి. మీరు నడక వేగంతో ఎక్కుతుంటే మలుపు మలుపుకీ వెనక హారన్. దిగేటప్పుడు ఎదురుగా వచ్చేవాడు మలుపులో మీ వైపుకి వచ్చేస్తాడు. ఇంత టెన్షన్ పడి పైకి వెళ్తే అక్కడ కూడా పార్కింగ్ గొడవే. ఎప్పుడైనా ఎక్కాలనిపిస్తే మంగళవారమో బుధవారమో సెలవు పెట్టి ఎక్కండి, అది వేరే కొండలా ఉంటుంది.

ఇక దారి. కారులో సైకిల్ పెట్టుకుని దేవనహళ్లి దాకా వెళ్లిపోండి. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద సైకిల్ తొక్కడంలో ఏ సుఖమూ లేదు. హైదరాబాద్ హైవే, అంటే 44వ నంబరు జాతీయ రహదారి, నేరుగా చిక్కబళ్లాపురం వెళ్తుంది కాబట్టి మ్యాప్ మిమ్మల్ని దానిమీదికే తోస్తుంది. దాని మాట వినకండి. దేవనహళ్లి నుంచి పడమటి వైపు కుందాణ, కారహళ్లి అని ఒక్కో ఊరి పేరూ మ్యాప్‌లో విడివిడిగా పెట్టుకుని, ఊరి నుంచి ఊరికి వెళ్లే చిన్న రోడ్డునే ఎంచుకోండి. అక్కణ్నుంచి నంది గ్రామం, సుల్తాన్‌పేట, ముద్దేనహళ్లి. ఇవన్నీ కొండలను ఆనుకుని ఉన్న ఊళ్లే. ఎక్కడా గేర్లు అరిగిపోయే ఎక్కుడు ఉండదు, అలాగని మరీ బల్లపరుపు కాదు. చిన్న చిన్న మిట్టలు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. అటూ ఇటూ తిరిగి వెనక్కి రావడానికి 40-50 కిలోమీటర్లు పెట్టుకోండి. కొత్తవాళ్లు కూడా మధ్యలో టిఫిన్‌కి ఆగి ఎండ ముదరకముందే తిరిగి రావచ్చు.

దొడ్డబళ్లాపురం వైపు నుంచి వస్తే ఇంకో రుచి. తూబగెరె, ఘాటి సుబ్రహ్మణ్య, మాకళిదుర్గం. అటు కొండలు రోడ్డుకి ఇంకా దగ్గరగా వస్తాయి, పక్కనే హిందూపురం, గుంతకల్ వెళ్లే రైలు మార్గం మెలికలు తిరుగుతూ కనబడుతుంది. షష్ఠి రోజుల్లో, మంగళవారాల్లో మాత్రం ఘాటి గుడికి జనం విపరీతంగా వస్తారు, ఆ రోజులు వదిలేయండి. ఆ వైపు ద్రాక్ష కన్నా నీలగిరి చెట్ల తోపులు, రాగి చేలు ఎక్కువ. మీకు ద్రాక్షే ముఖ్యమైతే నంది గ్రామం, చిక్కబళ్లాపురం వైపే మేలు.

ద్రాక్షతోట అనగానే సినిమాల్లో చూసే యూరప్ తోటలు, వాలు మీద బారులు తీరిన పొదలు ఊహించుకుని వెళ్తే కాస్త తికమకపడతారు. ఇక్కడ చాలావరకు పందిరి సాగు. రాతి కూసాలు పాతి, మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తులో తీగలు అల్లి, వాటిమీద ద్రాక్షను పాకిస్తారు. చుట్టుపక్కల కొండలన్నీ గ్రానైటే కాబట్టి కూసాలకు కొదవ లేదు. రోడ్డు మీంచి చూస్తే ఆకుపచ్చ కప్పు ఒకటి పొలం మీద పరిచినట్టుంటుంది, గుత్తులు కనిపించవు. సైకిల్ దిగి వంగి లోపలికి చూడాలి. అప్పుడు కనిపిస్తాయి, కప్పు కింద గుత్తులన్నీ ఒకే ఎత్తులో నేలకేసి వేలాడుతూ. కింద మొదళ్ల పక్కన నల్లటి డ్రిప్ పైపులు, పిట్టలు పడకుండా అంచుల్లో కట్టిన వలలు. యూరప్ పద్ధతిలో వరసలుగా పెంచేవి కూడా ఉన్నాయి, అవి వైన్ తోటలు. 1988లో మొదలైన గ్రోవర్ వాళ్ల తోటలు దొడ్డబళ్లాపురం దగ్గర ఉన్నాయి, కాబెర్నే సోవిన్యాన్, షిరాజ్ లాంటి ఫ్రెంచి రకాలు అక్కడ పండిస్తారు.

ఊళ్లలో మాత్రం రాజ్యమంతా బెంగళూరు బ్లూ అనే ద్రాక్ష రకానిదే. 2013లో దీనికి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అన్న గుర్తింపు, వచ్చింది. నల్లగా, గుండ్రంగా, మీద బూడిద పూసినట్టు తెల్లటి పొర. నోట్లో వేసుకుని నొక్కితే గుజ్జు తొక్కలోంచి జారి బయటికి వస్తుంది, తొక్క, గింజలు ఊసేయాలి. వాసన చాలా ఘాటు. నాకు ప్రాణం, మా ఇంట్లో ఇంకెవరూ ముట్టరు. జ్యూసుకి, జామ్‌కి, తియ్యటి వైన్‌కి ఎక్కువగా పోయేది ఇదే. పొడుగ్గా లేత ఆకుపచ్చగా కనిపించేది దిల్‌ఖుష్. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు పందిళ్లు పందిళ్లుగా పండిన అనాబ్-ఎ-షాహీ ఉంది కదా, దానిలోంచి ఎంపిక చేసి వేరుచేసిన రకమే ఇది. మన వైపు ఆ తోటలు చాలావరకు ప్లాట్లైపోయాయి, దాని వంశం ఇక్కడ బతుకుతోంది.

ఈ ప్రాంతంలో బెంగళూరు బ్లూ ఏడాదికి రెండు కాపులు ఇస్తుంది. అందుకని పక్కపక్క తోటలే వేర్వేరు దశల్లో కనిపిస్తాయి. ఒకదాంట్లో పండు తయారై ఉంటే, దాని పక్కనే కొమ్మలు కత్తిరించేసి మోడుగా వదిలేసిన పందిరి. అప్పుడే కత్తిరించిన కొమ్మ చివర దగ్గరగా చూస్తే చుక్క చుక్కగా నీరు కారుతూ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు తోటాయన్ని అడిగితే, వేరు నీళ్లు తోడుతోంది, తీగ బతికే ఉందని దానర్థం, మంచిదే అన్నాడు. ఏ నెలలో వెళ్లినా ఏదో ఒకటి చూడ్డానికి ఉంటుందని చెప్పడానికే ఇదంతా.

ఆకుల మీద నీలం, తెలుపు మరకలు చూసి భయపడకండి. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే బోర్డో మిశ్రమం అది. బూజు తెగులుకి పాత మందు. కానీ మందు కొట్టే సమయం మీ సైకిల్ సమయమే, పొద్దున్న గాలి లేనప్పుడు. ట్రాక్టరుకి తగిలించిన బ్లోయర్ మోత వినబడితే, రోడ్డుకి ఆనుకున్న తోటలో తెల్లటి తుంపర లేస్తుంటే, అక్కడే ఆగండి. ఆ కొస దాటి ట్రాక్టరు అవతలి వైపుకి తిరిగాక ఊపిరి బిగబట్టి దాటేయండి. అన్నీ బోర్డో అంత సాధు మందులు కావు. ఇదే కారణంతో తోటలో చెయ్యి పెట్టి గుత్తి తెంపి అక్కడే తినడం వద్దు. అసలు అడక్కుండా తెంపడమే తప్పు, అడిగితే కాదనే రైతు నాకింతవరకు తగల్లేదు. తెచ్చుకుని ఇంట్లో కడుక్కుని తినండి.

రోడ్డు ఎలా ఉందనేది కూడా పంటే నిర్ణయిస్తుంది. డిసెంబరు, జనవరిలో రాగి, ఉలవ కోతలైపోయాక ఈ చిన్న రోడ్లే కళ్లాలు. కోసిన పంటను తారు మీద పరిచేస్తారు, వచ్చీపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. కారుకి ఏమీ కాదు. సైకిల్‌కి ఉలవ కట్టె చైన్‌లో, వెనక గేర్లు మార్చే డీరైలర్‌లో చుట్టుకుపోయి చక్రం బిగుసుకుంటుంది. తొక్కుకుంటూ పోయి, డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరగ్గొట్టుకున్నవాళ్లను చూశాను. కుప్ప కనబడగానే దిగి, సైకిల్ ఎత్తి పట్టుకుని పక్కనుంచి నడవండి. పక్కనే కూర్చున్న ముసలమ్మ ఏమీ అనదు, నవ్వుతుంది, అంతే. వానాకాలంలో, ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో, ట్రాక్టరు చక్రాల ఎర్రమట్టి రోడ్డు మీదికి వచ్చి సబ్బులా జారుతుంది. చలికాలం పొద్దున్నే మంచు దట్టం. ఆరున్నరకి ముందు బయల్దేరాలన్న పట్టుదల వద్దు, వెనక ఎర్ర లైటు మాత్రం పగలు కూడా వేసే ఉంచండి.

క్వారీ టిప్పర్ల గురించి వేరే చెప్పాలి. చిక్కబళ్లాపురం చుట్టూ రాతి క్వారీలు, క్రషర్లు ఉన్నాయి. రోడ్డు మీద సన్నటి కంకర, అంచుల్లో తెల్లటి దుమ్ము కనిపించిందంటే అది టిప్పర్ల దారి. అలాంటి రోడ్డు మ్యాప్‌లో ఎంత ముచ్చటగా కనిపించినా వదిలేయండి. నాకు ఈ మొత్తం ప్రాంతంలో భయం ఉన్నది వాటికే, కుక్కలకు కాదు. కుక్కలు ప్రతి ఊరి మొదట్లోనూ ఉంటాయి. స్పీడు పెంచితే వెంటపడతాయి. నిదానించి, అవసరమైతే దిగి, సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడిస్తే వాటికి ఆట అయిపోతుంది. హంపులు ఊరికి రెండైనా ఉంటాయి, సగానికి పైగా వాటికి తెల్ల గీత ఉండదు.

నీళ్ల గురించి అడగలేదు కానీ చెబుతాను. ప్రతి ఊళ్లో పంచాయతీ వాళ్ల శుద్ధ నీటి కేంద్రం ఉంటుంది, నాణెం వేస్తే 20 లీటర్ల క్యాన్ నిండేలా నీళ్లు వస్తాయి. మీ దగ్గరున్నది రెండు చిన్న సీసాలు. నాణెం వేసి కంగారు పడకుండా, క్యాన్ పట్టుకునేవాళ్లు వచ్చేదాకా రెండు నిమిషాలు ఆగి అడిగితే పోస్తారు. భాష సమస్యే లేదు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, గౌరిబిదనూరు, చింతామణి, ఈ వైపంతా తెలుగు ధారాళంగా మాట్లాడతారు. నేను వచ్చీరాని కన్నడంలో "నీరు బేకు" అంటే, పాలకేంద్రం దగ్గర క్యాన్లు దించుతున్న పెద్దాయన "యా ఊరప్పా మీది? తెలుగులోనే మాట్లాడు" అన్నాడు. పొద్దున ఆరు, ఏడు మధ్య పాలకేంద్రం దగ్గర టీ బంకు తప్పకుండా తెరిచి ఉంటుంది, ఆ తర్వాత తోటల మధ్య ఏమీ దొరకదు. కాబట్టి టిఫిన్ నంది గ్రామంలోనే కానిచ్చేయండి.

నంది గ్రామంలో భోగనందీశ్వరుడి గుడికి గంట కేటాయించండి. తొమ్మిదో శతాబ్దంలో మొదలై చోళులు, విజయనగర రాజుల దాకా కడుతూ వచ్చిన గుడి. లోపల మెట్ల కోనేరు ఉంది. పెడల్‌కి బిగుసుకునే క్లీట్ బూట్లు విప్పి తిరగాలి కాబట్టి సాక్సులు బాగున్నవి వేసుకెళ్లండి. ముద్దేనహళ్లిలో విశ్వేశ్వరయ్య గారి ఇల్లు, సమాధి ఉన్నాయి. వాళ్ల పూర్వీకులది మన ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌కి మళ్లీ ముంపు రాకుండా పథకం వేసిందీ ఆయనే.

దారిలో కల్వర్టుల కింద ఎండిపోయిన వాగులు కనిపిస్తాయి, వాటిని తేలిగ్గా తీసిపారేయకండి. మన పెన్న పుట్టింది ఈ నంది కొండల వరసలోనే. పుట్టపర్తి మీదుగా వెళ్లే చిత్రావతి, కడప జిల్లాలో పెన్నలో కలిసే పాపఘ్ని కూడా ఈ చుట్టుపక్కలవే. నెల్లూరు వాడినైన నాకు ఆ కల్వర్టుల మీద ఆగి నీళ్లు తాగడం ఓ సరదా. అందులో నీళ్లుండవనుకోండి, నా సీసాలోవే.

సైకిల్ విషయానికొస్తే, రోడ్ సైకిల్ సరిపోతుంది, కానీ 25 మిల్లీమీటర్ల టైర్లయితే ఫ్రేములో పట్టినంతలో వెడల్పువి, 28 గానీ 32 గానీ, వేయించండి. గాలి గట్టిగా కొట్టకండి. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ ఉన్న ప్రతిచోటా ముళ్లు రాలి ఉంటాయి, ఆగి ఫొటో తీసుకోవడానికి సైకిల్‌ని మట్టిలోకి తోశారంటే పంక్చరే. ట్యూబులు రెండు, టైర్ లివర్లు, చిన్న పంపు తప్పనిసరి. ఊళ్లలో పంక్చర్ షాపులు బైకులవే, మన సైకిల్ వాల్వ్ చూసి వాళ్లు తల పట్టుకుంటారు. ముల్లు గుచ్చుకుంటే కొత్త ట్యూబ్ వేసే ముందు టైరు లోపలి వైపు వేలితో నెమ్మదిగా తడిమి చూడండి. ముల్లు మొన విరిగి లోపలే ఉంటుంది, తియ్యకపోతే రెండో ట్యూబ్ కూడా కిలోమీటరు వెళ్లకుండానే పోతుంది.