‘ఎనిమిది వేలు కడితే పని ఇస్తామంటున్నారు, కట్టమంటారా?’

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. నేను అంగన్‌వాడీ కార్యకర్తను. మా బాబు శ్రీకాకుళంలో బి.కాం. కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మూడు వారాలుగా రాత్రిపూట ఫోన్‌లో వీడియోలకు లైకులు కొట్టి, హోటళ్లకు రేటింగులు ఇచ్చి రూ.630 సంపాదించాడు. ఇప్పుడు రూ.8,000 కడితే పెద్ద పనులు ఇస్తారంటున్నాడు. ఇంకెవరో వాడి బ్యాంకు ఖాతాను నెల రోజులు వాడుకోనిస్తే రూ.5,000 ఇస్తామన్నారట. ఉచిత కోర్సులనీ, సగం ధరకు ల్యాప్‌టాప్ అనీ రోజూ ఏదో ఒకటి చూపిస్తుంటాడు. ఇంటికి సాయపడాలన్నదే వాడి తాపత్రయం. కాదంటే చిన్నబుచ్చుకుంటున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: అమ్మా, ఆ ఎనిమిది వేలు కట్టవద్దు. బ్యాంకు ఖాతాను ఎవరికీ ఇవ్వవద్దు. ఈ రెండూ ఇది చదివిన రోజే తేలిపోవాలి. మిగిలినవన్నీ తల్లీకొడుకులు నిదానంగా కూర్చుని మాట్లాడుకోదగినవి.

ఇందులో ఖాతా సంగతి మరింత ప్రమాదకరమైనది కనుక ముందుగా దాని గురించే చెబుతాను. ఎక్కడో ఒకరిని మోసగించి లాక్కున్న సొమ్మును దొంగలు తమ పేరు మీద ఉన్న ఖాతాలో వేసుకోరు. మీ బాబులాంటి విద్యార్థి ఖాతాలో వేయించి, అక్కడి నుంచి నిమిషాల్లో మరో నాలుగు ఖాతాలకు మళ్లిస్తారు. సొమ్ము పోగొట్టుకున్న మనిషి ఫిర్యాదు చేసినప్పుడు పోలీసులకు మొదట కనిపించే పేరు ఖాతాదారుడిదే. ఖాతా స్తంభించిపోతుంది, వేరే రాష్ట్రం పోలీస్ స్టేషన్ నుంచి నోటీసు వస్తుంది, ‘నాకేమీ తెలియదు, అద్దెకిచ్చాను’ అన్న మాట అక్కడ రక్షణ కాదు. ఉపకార వేతనం పడే ఖాతా కూడా అదే అయితే ఆ డబ్బు సైతం చిక్కుకుపోతుంది. ఉద్యోగంలో చేరే ముందు పోలీసు విచారణ జరిగే కొలువులకు ప్రయత్నించే పిల్లవాడికి ఇటువంటి కేసు ఎంత అడ్డంకో వేరే చెప్పనక్కరలేదు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్, ఖాతాకు జోడించిన సిమ్ ఇప్పటికే ఎవరి చేతికైనా వెళ్లి ఉంటే వెంటనే బ్యాంకుకు వెళ్లి కార్డును, ఆన్‌లైన్ లావాదేవీలను ఆపివేయించి, జరిగినది రాతపూర్వకంగా ఇచ్చి, ఆ కాగితం నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఇక లైకుల పని. బాబుకు వచ్చిన రూ.630 నిజమైన డబ్బే. అందుకే అతడు నమ్మాడు, అందులో అతడి తప్పు లేదు. ఈ వల పన్నేవారు మొదట యాభై, నూట యాభై చొప్పున నిజంగానే ఖాతాలో వేస్తారు. తరువాత టెలిగ్రామ్‌లో ఒక బృందంలో చేరుస్తారు. అక్కడ ‘నాకు ఈరోజు పన్నెండు వేలు వచ్చాయి’ అంటూ స్క్రీన్‌షాట్లు పెట్టేవారు సాధారణంగా వారి మనుషులే. ఆ పైన ‘ప్రీపెయిడ్ టాస్క్’, అంటే ముందుగా డబ్బు కట్టి చేసే పని అంటారు. కట్టిన ఎనిమిది వేలు తెర మీద పదకొండు వేలుగా, పదహారు వేలుగా పెరుగుతున్నట్లు కనిపిస్తుంది కాని, తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు, లేదా పొరపాటు చేశావు గనుక ఖాతా ఆగిపోయింది, విడిపించాలంటే మరికొంత వేయమంటారు. పని చేయించుకున్న వారు చెల్లించే సొమ్ములో నుంచి పన్ను మినహాయించుకుంటారే తప్ప, పని చేసినవాడి దగ్గర ముందుగా పన్ను వసూలు చేసే పద్ధతి ఎక్కడా లేదు. ఈ ఒక్క మాట బాబుకు అర్థమైతే మిగతా కథ అతడే అల్లుకోగలడు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ నొక్కవలసిన అవసరం గాని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయవలసిన అవసరం గాని లేవన్నది కూడా ఆ సందర్భంలోనే చెప్పండి.

మన ప్రాంతం వారికి ఈ విషయం మరో విధంగానూ దగ్గరిది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని ఏజెంట్లు చెప్పిన మాట నమ్మి కంబోడియా వెళ్లిన ఉత్తరాంధ్ర యువకులను అక్కడ నిర్బంధించి, ఇటువంటి ఆన్‌లైన్ మోసాలే చేయించిన ఉదంతాన్ని విశాఖపట్నం పోలీసులు 2024 మే నెలలో బయటపెట్టారు. టెలిగ్రామ్‌లో ‘బ్రదర్, ఇంకొక్క టాస్క్’ అని తీయగా మాట్లాడే అవతలి మనిషి కూడా మన బాబులాంటి పిల్లవాడే, పాస్‌పోర్టు లాక్కోబడి కూర్చున్నవాడే అయి ఉండవచ్చునని తలచుకుంటే నాకు చాలా బాధ కలుగుతుంది.

ఒకవేళ అతడు మీకు తెలియకుండా కొంత కట్టేసి ఉంటే కోప్పడకుండా ముందు 1930కి ఫోన్ చేయించండి. అది సైబర్ నేరాల జాతీయ సహాయ కేంద్రం. ఎంత త్వరగా చెబితే సొమ్ము చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఫోన్‌లో జరిగిన సంభాషణలను, లావాదేవీ సంఖ్యలను చెరిపివేయకుండా ఉంచమనండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సంపాదించాలన్న మీ బాబు కోరిక మంచిది. దాన్ని అణచివేయవద్దు. అతడితో కూర్చుని ఒక చిన్న లెక్క వేయించండి. మూడు వారాలు, రాత్రికి మూడు గంటల చొప్పున అనుకుంటే 63 గంటలు. దానికి వచ్చినది రూ.630, అంటే గంటకు పది రూపాయలు. పోనీ, ఆ 63 గంటల తరువాత అతడి చేతికి ఏ విద్య వచ్చింది? ‘ఈ కుర్రవాడు బాగా చేస్తాడు’ అని చెప్పే మనిషి ఒక్కరైనా ఏర్పడ్డారా? ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే దేనినైనా, చవకగా దొరికే దేనినైనా, సంపాదన అని చెప్పే దేనినైనా నేను ఈ విధంగానే చూడమంటాను. డబ్బు ఎవరు ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు, పని ముగిశాక నా దగ్గర ఏమి మిగులుతుంది అన్న మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు ఉండాలి.

బి.కాం. కంప్యూటర్స్ విద్యార్థికి ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా చేతికి వచ్చే విద్య ఒకటి ఉంది. వ్యాపార లెక్కలు రాసే ట్యాలీ ప్రైమ్ సాఫ్ట్‌వేర్‌ను లైసెన్సు కొనకుండా ఎడ్యుకేషనల్ మోడ్‌లో, అంటే నేర్చుకునేవారి కోసం ఉన్న పద్ధతిలో వాడుకోవచ్చు. అందులో నెలలో 1, 2, 31 తేదీలతో మాత్రమే వోచర్లు, అంటే లావాదేవీల పద్దులు, నమోదు అవుతాయి. వ్యాపారానికి అది పనికిరాదు గాని నేర్చుకోవడానికి ఏ లోటూ లేదు. మీ ఊరి కిరాణా దుకాణం వారిని అడిగి ఒక నెల కొనుగోలు బిల్లులు తెచ్చుకొని, తేదీలన్నింటినీ ఒకటో తారీఖుగా వేసుకొని, ఒక్కొక్క బిల్లునూ ఎక్కించమనండి. సరుకు విలువ ఎంత, అందులో కేంద్రానికి వెళ్లే పన్ను సీజీఎస్టీ ఎంత, రాష్ట్రానికి వెళ్లే ఎస్‌జీఎస్టీ ఎంత అని విడదీసి, చివర మొత్తం రూపాయి తేడా లేకుండా కుదిరేదాకా లేవకూడదు. నలభై బిల్లులు అలా ఎక్కించిన కుర్రవాడికీ, కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే ఉన్న కుర్రవాడికీ ఉన్న తేడా అకౌంటెంటుకు ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆ అకౌంటెంటు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. నెలవారీగా జీఎస్టీ దాఖలు చేసే వ్యాపారులు అమ్మకాల వివరాలతో కూడిన జీఎస్‌టీఆర్-1ను మరుసటి నెల 11వ తేదీలోగా, పన్ను చెల్లింపుతో కూడిన జీఎస్‌టీఆర్-3బిని 20వ తేదీలోగా దాఖలు చేయాలి. కనుక ప్రతి నెలా మొదటి వారం నుంచి ఇరవయ్యో తేదీ దాకా శ్రీకాకుళంలో గాని, విజయనగరంలో గాని పన్ను సలహాదారుల కార్యాలయాల్లో బిల్లుల కట్టలు బల్లల మీద పేరుకుపోయి ఉంటాయి, చేతులు చాలవు. ఇరవై ఐదో తేదీన వెళ్లి పని అడిగితే లేదనవచ్చు. నాలుగో తేదీన వెళ్లి, ‘సాయంత్రం కళాశాల అయ్యాక రెండు గంటలు వస్తాను, పదిహేను రోజులు నా పని చూసి ఇవ్వదలచినది ఇవ్వండి’ అంటే, కనీసం కూర్చోబెట్టి చూస్తారు. ఇక్కడ డబ్బు ఎవరిస్తున్నారో, ఎందుకిస్తున్నారో స్పష్టంగా ఉంది. తరువాత మన రాష్ట్రంలో డిగ్రీలో భాగంగా చేయవలసిన ఇంటర్న్‌షిప్‌కు కూడా ఆ తలుపే తెరుచుకోవచ్చు. రెండు మూడు వేలు తీసుకొని, పని చేయించకుండానే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ పంపే సంస్థలు పిల్లలను వెంటాడుతున్నాయి. అటువంటి కాగితం కొనడం డబ్బుకు మాత్రమే కాదు, ఆ నెలలకు కూడా నష్టం.

తెలుగు బాగా టైపు చేయగలిగితే మరో దారి ఉంది. మన పట్టణాల్లోని డీటీపీ కేంద్రాల్లో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో తయారవుతూ వచ్చాయి. ఇప్పుడు అవే ఫోన్‌లో, వెబ్‌లో కనబడాలంటే అన్ని పరికరాల్లోనూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే సాధనాలు ఉన్నాయి గాని, మార్చిన పాఠాన్ని అలాగే వదిలేయలేము. ఒత్తులు చెదురుతాయి, ఖాళీలు ఎక్కడివో అక్కడ ఉండవు, ఒక్కొక్కచోట అక్షరానికి బదులు ఏదో గుర్తు నిలబడుతుంది. అక్షరం అక్షరం చూసి సరిదిద్దే ఓపిక గలవారు తక్కువ. కొన్నాళ్ల కిందట విజయనగరంలో నా దగ్గరికి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని తన మాస్టారి పాత వ్యాసాలు ఇరవై పేజీలు ఇలా ఉచితంగా సరిచేసి ఇచ్చింది; ఆయన ఆ పేజీలు మరొకరికి చూపించగా, ఆ అమ్మాయికి పేజీ లెక్కన డబ్బు వచ్చే పని దొరికింది. ఉచితంగా చేసిన ఆ మొదటి ఇరవై పేజీలే ఆమెకు పరిచయపత్రమయ్యాయి. ఇక్కడ కూడా జాగ్రత్త అవసరం. ఇన్ని పేజీలు ఇన్ని రోజుల్లో తప్పు లేకుండా టైపు చేయాలని ఒప్పందం రాయించుకొని, ఆ తరువాత తప్పులు పట్టి, పరిహారం కట్టకపోతే కోర్టుకు ఈడుస్తామని బెదిరించే డేటా ఎంట్రీ మోసాలు ఉన్నాయి. పని ఇచ్చే మనిషి ఎవరో తెలియకుండా ఆధార్ నకలు పంపి సంతకం పెట్టవద్దు. బెదిరింపు వచ్చినా భయపడి డబ్బు కట్టవద్దు.

ఉచిత కోర్సుల విషయంలో మీ బాబు పొరబడలేదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో పాఠాలు వినడం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే రుసుము. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయం అంగీకరించిన కోర్సుల క్రెడిట్లను, ఒక సెమిస్టరులో 40 శాతం దాకా, డిగ్రీలో కలుపుకొనే వీలుంది. కనుక రుసుము కట్టే ముందు ఆ కోర్సును తమ కళాశాల గుర్తిస్తుందో లేదో అడగాలి. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాల్లో కొన్ని తెలుగు వ్యాఖ్యానంతోనే దొరుకుతాయి. లిబ్రే ఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పక్కన తెరిచి, వింటూ చేస్తూ నేర్చుకోవచ్చు. పుస్తకాలకు ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఉంది. అయితే ఒకేసారి తొమ్మిది కోర్సుల్లో చేరి ఒక్కటీ పూర్తి చేయని పిల్లలను నేను ఎక్కువగా చూస్తున్నాను. ఈ సెమిస్టరుకు ఒకటి చాలు.

ల్యాప్‌టాప్ సంగతి. ట్యాలీకి, టైపింగుకు ఖరీదైనది అక్కరలేదు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నది సరిపోతుంది. కొట్టివేసి చూపించే పాత ధరను బట్టి ‘సగానికే’ అనుకోవద్దు. అదే మోడల్ ధరను నాలుగు వారాల పాటు, వారానికొకసారి, నోటు పుస్తకంలో రాసుకోమనండి. అప్పుడు పండుగ అమ్మకంలో నిజంగా ఎంత తగ్గిందో తెలుస్తుంది. ‘ఇంకా పది నిమిషాలే’ అని తొందరపెట్టడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వంటి పద్ధతులను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నిషేధించింది. అవి ఎదురైతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు. వాడిన ల్యాప్‌టాప్‌ను బాగుచేసి అమ్మే దుకాణంలో కొన్నా తప్పు లేదు గాని, బాబు పేరు మీద బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, కనీసం ఆరు నెలల వారంటీ ఉండాలి. వడ్డీ లేని వాయిదాలన్నప్పుడు ప్రాసెసింగ్ రుసుము ఎంతో అడగండి. డబ్బు చాలలేదని రుణ యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. ఫోన్‌లోని పరిచయాల జాబితాను రుణ యాప్‌లు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది కనుక, ఆ అనుమతి అడిగిందంటేనే అది పెట్టుకోదగిన యాప్ కాదు.

కొనేదాకా కళాశాల ల్యాబ్ ఉంది. అధ్యాపకుడిని అడిగితే సాయంత్రం గంట సేపు కూర్చోనిస్తారు. ఈ ఆదివారం బాబును పక్కన కూర్చోబెట్టుకొని, 63 గంటల లెక్కను అతడి చేతనే వేయించండి. మీరు మాట్లాడవద్దు, అతడినే మాట్లాడనివ్వండి. తరువాత ఆ టెలిగ్రామ్ బృందం నుంచి బయటకు వచ్చి, సోమవారం కిరాణా దుకాణం బిల్లులు అడగడానికి వెళ్లమనండి. నలభై బిల్లులూ కుదిరాక మళ్లీ రాయండి. వచ్చే నెల నాలుగో తేదీన అకౌంటెంటు దగ్గర ఏమి చెప్పాలో, ఏమి చూపించాలో అప్పుడు బాబుకే నేరుగా రాస్తాను.