పద్మిని స్టీరింగ్ లూజు: బాక్స్ జోలికి వెళ్లేముందు

చి. శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

పాత ప్రీమియర్ పద్మిని కారు కొన్నావని మీ అమ్మ చెప్పింది. స్టీరింగ్ బెత్తెడు తిప్పినా చక్రాలు కదలడం లేదట. అంత లూజుతో చెన్నై కత్తిపారా ఫ్లైఓవర్ ఎక్కకు.

చాలామంది మెకానిక్‌లు ముందు స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ కడ్డీ కింద ఉండే గేర్ల పెట్టె) మీది స్క్రూ బిగించేస్తారు. ఒప్పుకోకు. బాక్స్ లోపల ఎక్కువ అరిగేది నడిమి భాగమే. అక్కడి లూజు పోయేదాకా బిగిస్తే మలుపుల్లో పట్టేస్తుంది, స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు. అసలు లూజు చాలాసార్లు లింకేజీలోనే, అంటే బాక్స్‌ని చక్రాలతో కలిపే రాడ్లూ జాయింట్లలోనే ఉంటుంది.

బండిని ర్యాంపు ఎక్కించి, చక్రాలు ఆనించే ఉంచి, ఇంజిన్ ఆపి ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా ఆడించమను. నువ్వు కింద నుంచి ఒక్కో జాయింట్ మీద చెయ్యి వేసి చూడు. అరిగినదైతే టక్ టక్‌మని చేతికే తెలుస్తుంది. బాక్స్‌కి ఎదురు పక్క ఐడ్లర్ ఆర్మ్ (రాడ్ల రెండో కొసని మోసే ఆర్మ్) ఉంటుంది, అందరూ మర్చిపోయేది దాన్నే. అది కిందికీ మీదికీ ఊగుతుంటే టై రాడ్ ఎండ్లు (చక్రాలని తిప్పే రాడ్ల కొసన ఉండే బాల్ జాయింట్లు) ఎన్ని మార్చినా దండగ. (అంబాసిడర్ వాళ్లకి ఈ బాధ లేదు, దానిది ర్యాక్ అండ్ పినియన్, అంటే పళ్ల కడ్డీని పళ్ల చక్రం జరిపే రకం.)

పుదుప్పేట పాత సామాన్ల షాపుల్లో డోర్ హ్యాండిల్ కొనుక్కో, తప్పులేదు. బాల్ జాయింట్ మాత్రం జి.పి. రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో కొత్తదే తీసుకో.

టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు మర మీద సుత్తి పడనివ్వకు. నట్టు పూర్తిగా తియ్యకుండా నాలుగు చుట్లు వదులు చేసి, ఆర్మ్ కన్నుకి (జాయింట్ దూరే రంధ్రం చుట్టూ ఉన్న భాగానికి) ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, ఎదురు పక్క ఇంకోదానితో గట్టిగా ఒక్కటి వెయ్యి. టప్పున ఊడొస్తుంది. పాత ఎండ్ ఎన్ని చుట్లకి వచ్చిందో లెక్కపెట్టి కొత్తది అన్ని చుట్లే ఎక్కించు. అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా వెళ్తుంది. రాడ్డుకి ఒక కొస ఎడమ మర, బలం పెట్టేముందు చూసుకో.

బిగించాక నట్టు గాడీ, నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను బెజ్జమూ కలవకపోతే ఇంకాస్త బిగించి కలుపు, వదులు చేసి కాదు. స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే. జాయింట్ మీది రబ్బరు బూటు (తొడుగు) చిరిగితే నవంబరు వానల్లో వేళచ్చేరి రోడ్ల మీది నీళ్లన్నీ జాయింట్లోకే. బాక్స్‌లో మాత్రం గ్రీజు కుక్కనివ్వకు, 90 నంబరు గేర్ ఆయిల్ పోయించు.

అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ వంకరగా నిలబడితే దాన్ని ఊడదీసి తిప్పి పెడతానంటారు. వద్దని చెప్పి, రెండు పక్కల రాడ్లూ సమంగా సర్దించు.

మీ మామయ్య