సాఫ్ట్‌వేర్ రేడియో ఏ ఫ్రీక్వెన్సీకైనా మారగలిగినప్పుడు ఈ ప్రమాణాలు, కమిటీలు ఎందుకు?

మీ ప్రశ్న ఇది: "ల్యాప్‌టాప్‌కు తగిలించుకునే చిన్న ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ రేడియో) డాంగిల్ కొన్నాను. ఎఫ్ఎం నుంచి విమానాల సంకేతాల దాకా అన్నీ వింటోంది. రేడియో ఇంత తేలికగా మారగలిగినప్పుడు, ఖాళీ ఉన్నచోట మాట్లాడుకోండని వదిలేయక, స్పెక్ట్రమ్ పంచుకోవడానికి ప్రమాణాలు రాస్తూ ఏళ్ళ తరబడి ఎందుకు కూర్చుంటారు?" ఒకప్పుడు నేనూ అచ్చం ఇలాగే అడిగేవాణ్ణి. ఇప్పుడు ఈ ప్రశ్న వింటే పెన్సిల్వేనియాలో ఒక రైతు సిలో గుర్తుకు వస్తుంది. పశువుల మేత నిల్వచేసే ఎత్తైన కాంక్రీటు గాదె అది.

పల్లెలకు ఇంటర్నెట్ ఇచ్చే ఒక చిన్న కంపెనీ తరఫున ఆ సిలో నెత్తిన యాంటెన్నా బిగించాం. అమెరికాలో సీబీఆర్ఎస్ అనే బ్యాండ్ ఉంది, 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ దాకా. అందులో మొదటి హక్కు నౌకాదళం రాడార్లది. తర్వాతి వంతు 2020 వేలంలో ప్రాధాన్య లైసెన్సులు కొన్నవారిది. వాళ్ళందరూ పోగా మిగిలిందే మాలాంటి వాళ్ళది. ఏ రేడియో ఏ చానల్లో, ఎంత శక్తితో పలకాలో ఎస్ఏఎస్ అనే సర్వర్ చెబుతుంది. మా రేడియో అనుమతి అడిగింది. జవాబుగా 400 అనే అంకె వచ్చింది. నువ్వు పలికితే మరొకరికి అంతరాయం కలుగుతుంది, కుదరదని దాని అర్థం.

ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టాం. చానల్ మార్చి అడిగాం, 400. శక్తి తగ్గించి అడిగాం, 400. కేబుల్ మార్చాం, రేడియోలో సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాం. మార్చి నెల చలిగాలిలో మా కుర్రవాడు రెండుసార్లు సిలో ఎక్కి దిగాడు. రైతు రెండుసార్లు కాఫీ తెచ్చాడు, మూడోసారి ఊరికే చూడటానికి వచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి నాకు ఒళ్ళు మండి, మీ సర్వర్‌కు లెక్కలు రావని దాన్ని నడిపేవాళ్ళకు పొడుగాటి మెయిల్ రాశాను. ఆ మెయిల్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. తెరిచి చూసే ధైర్యం మాత్రం లేదు.

చివరికి ఆఫీసులో ఉన్న మా విజయనగరం ఆవిడకు ఫోన్ చేసి, నేను నింపిన వివరాలు ఒకసారి చూడమన్నాను. అర నిమిషం మౌనం. తర్వాత, "ఏమండీ, యాంటెన్నా సిలోకే బిగించారా, విమానానికి కట్టారా?" అన్నారు.

సంగతేమిటంటే, ఆ చోటు సముద్ర మట్టానికి 640 మీటర్ల ఎత్తు అని నా ఫోన్ చూపించింది. సిలో 80 అడుగులు, అంటే 24 మీటర్లు. రెండూ కూడి 664 అని రాశాను. ఆ పక్కనే ఆ ఎత్తు దేని నుంచి కొలిచారని అడిగే గడి ఒకటి ఉంది. అందులో 'నేల నుంచి' అని ముందే ఉంటే అలాగే వదిలేశాను. సర్వర్ నా మాట నమ్మింది. నేలకు 664 మీటర్ల పైనుంచి ఒకడు ప్రసారం చేస్తే చుట్టుపక్కల కౌంటీల్లో లైసెన్సులు కొన్నవాళ్ళ గతి ఏమవుతుందో లెక్క వేసి, సరిగ్గానే కాదంది. నిబంధన ప్రకారం ఎత్తులో 3 మీటర్లకు మించి తేడా ఉండకూడదు. నాది 640 మీటర్ల తేడా. ఈ వివరాలు నింపడానికి అధీకృత ఇన్‌స్టాలర్ అనే పరీక్ష ఒకటి పాసవ్వాలి. నేను పాసయ్యాను, సర్టిఫికెట్ గోడకు వేలాడుతోంది. ఎత్తు దిద్ది మళ్ళీ నమోదు చేశాం. ఎస్ఏఎస్‌లు రాత్రిపూట తమలో తాము లెక్కలు సరిచూసుకుంటాయి కాబట్టి మరునాడు పొద్దుటికి గాని అనుమతి రాలేదు.

అందుకే చెబుతున్నాను. స్పెక్ట్రమ్ పంచుకోవడంలో రేడియో తెలివికి పెద్ద పాత్ర లేదు. నేనెక్కడున్నాను, ఎంత ఎత్తులో ఉన్నాను అని అది నిజం చెప్పాలి, ఆ చెప్పే మాటకు అందరూ ఒకే అర్థం తీసుకోవాలి. అంతరాయం తగాదాల్లో పదింట తొమ్మిది తప్పుగా నింపిన ఫారాల వల్లే వస్తాయని పందెం కాస్తాను. ఎవరూ లెక్క తీయలేదు కాబట్టి నేను ఓడేదీ లేదు.

1999లో జోసెఫ్ మిటోలా, జెరాల్డ్ మాగ్వైర్ కాగ్నిటివ్ రేడియో అనే ఊహను ముందుకు తెచ్చారు. చుట్టూ ఏముందో తానే గ్రహించి తానే సర్దుకునే రేడియో. చదువుకునే రోజుల్లో మాకు అదొక మత్తు. కానీ లోయలో ఉన్న రేడియో చెవికి దూరపు టీవీ స్టేషన్ వినబడదు. చానల్ ఖాళీ అనుకుని అది నోరు విప్పితే, గట్టు మీది ఇంటి టీవీలో బొమ్మ చెడుతుంది. టీవీ చానళ్ళ మధ్య ఖాళీల్లో పనిచేసే పరికరాలు చుట్టూ విని తీరాలి, ఎక్కడ ఏ చానల్ ఖాళీయో చెప్పే డేటాబేసునూ అడగాలి అని 2008లో అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన నియమం 2010 కల్లా సడలింది. డేటాబేసును అడిగే పరికరాలు ఇక వినక్కరలేదన్నారు. మేము దాన్ని ఓటమి అనుకున్నాం. సీబీఆర్ఎస్‌లోనూ అంతే. ఓడ రాడార్‌ను పసిగట్టేది మా రేడియో కాదు, తీరం వెంట పెట్టిన వేరే సెన్సర్లు. ఆపమని సర్వర్ చెప్పాక 60 సెకన్లలో నోరు మూసుకోవడమే మా పని.

మా తాతగారి ఊళ్ళో చెరువు నీళ్ళు వంతులవారీగా వదలడానికి ఒక నీరటి ఉండేవాడు. అతనితో ఎవరికీ పేచీ లేదు. గొడవల్లా నాలుగెకరాలున్నవాడు ఆరని చెప్పుకోవడంతోనే వచ్చేది.

ఇక కమిటీలు. ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ నుంచి 1900.1 అని 2008లో ఒక ప్రమాణం వచ్చింది. అందులో ఉన్నవి నిర్వచనాలే. మాటలకు అర్థాలు చెప్పడానికి ఒక ప్రమాణమా అని అప్పట్లో నవ్వాను. 'ఎత్తు' అన్న ఒక్క మాట నాచేత ఆరు గంటలు గడ్డి తినిపించాక నవ్వడం మానేశాను. అలాగని కమిటీలను వెనకేసుకు రావడం లేదు. నేను కూర్చున్న ఒక కమిటీలో, హైదరాబాదులో ఉన్నవాళ్ళకు అర్ధరాత్రి వేళ, 'చేయవలెను' అనాలా 'చేయడం మంచిది' అనాలా అని గంటసేపు వాదించారు. ఆ గంటలో ఎవరో మైకు ఆపడం మరిచిపోతే వాళ్ళ కుక్క అరుపులు కూడా విన్నాం. నేల నుంచి 600 మీటర్లని ఎవరైనా రాస్తే 'నిజమేనా?' అని ఫారం తిరిగి అడగాలని ఒకసారి ప్రతిపాదించాను. మంచి సూచన అని రాసుకున్నారు. అంతే.

మన దేశం సంగతి వేరు. నేల మీద నుంచి టీవీ ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే. 470 నుంచి 590 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న 15 చానళ్ళలో ఎక్కడ చూసినా కనీసం 12 ఖాళీగా ఉన్నాయని ఐఐటీ బొంబాయి వాళ్ళు లెక్కగట్టారు. పాల్ఘర్ జిల్లా పల్లెల్లో ఆ ఖాళీల మీద ఇంటర్నెట్ నడిపి చూపించారు కూడా. ఇంత ఖాళీ పెట్టుకుని, కిక్కిరిసిన దేశాల కోసం రాసిన నియమాలను యథాతథంగా తెచ్చుకోవాలనేవాళ్ళను చూస్తే నాకు చిరాకు.

మీ డాంగిల్ విషయానికి వస్తే, అది వినడమే తప్ప పలకలేదు. 1090 మెగాహెర్ట్జ్‌కు తిప్పి శంషాబాద్‌లో దిగే విమానాలను లెక్కపెట్టుకోండి. ఒక్కొక్కటీ తన ఎత్తు తానే చెప్పుకుంటూ వస్తుంది. అదీ అడుగుల్లో.