మొగలి పొదకి కాయ ఉంది, వాసన లేదు. కొట్టేయాలా?

ఒడిశాలోని ఛత్రపురం దగ్గర సముద్రపు ఒడ్డు స్థలంలో మొగలి పొద ఉంది, అనాసపండులాంటి కాయ కాస్తోంది, వాసన మాత్రం లేదు, ఇది వేరే జాతా, కొట్టేయాలా అని అడిగారు. వేరే జాతి కాదండీ, మొగలే. కాకపోతే ఆడ పొద.

మొగలిలో ఆడ, మగ వేర్వేరు పొదలు. ఘుమఘుమలాడేది మగదే. దాని పూత కిందికి వేలాడుతూ, చుట్టూ తెల్లటి పొడుగాటి రేకులతో ఉంటుంది. నిజానికి అవి పూరేకులు కావు, పూతని కప్పిన ఆకులే. ఆడ పూత పచ్చటి ముద్ద. అదే ముదిరి, నారింజ రంగు తొనల కాయవుతుంది. తొనల్లో పీచు ఎక్కువ, నీళ్లలో తేలతాయి. అలా కొట్టుకుపోయి వేరే ఒడ్డున మొలుస్తాయి.

మా అమ్మమ్మగారిది చికిటి వైపు. అక్కడ గట్లన్నీ మొగలే. వానాకాలంలో తెల్లారకముందే పొడుగాటి కర్రకి కొడవలి కట్టుకుని పూలు కోసేవారు. అవి ఆ పూటకా పూటే అత్తరు తీసే బట్టీకి చేరాలి, లేకపోతే వాసన పోతుంది, ధరా పోతుంది. శివపూజకి పనికిరాని పువ్వంటారు గానీ, గంజాం జిల్లాలో ఎన్ని ఇళ్లకి కూడు పెడుతోందో!

ఒకసారి మొదలు దగ్గర వంగి చూడండి. కాండం నుంచి ఊడలు దిగుతుంటాయి, ఇంకా నేల తాకని ఊడ కొసన చిన్న టోపీ కంటికే కనిపిస్తుంది. ఇసుకలో పొదని నిలబెట్టేవి ఆ ఊడలే. ఆకు దళసరిగా, మైనం రాసినట్టుంటుంది. అందుకే ఉప్పుగాలికి అంత తేలిగ్గా మాడదు. ఆకు అంచులకే కాదు, అడుగున నడిమి ఈనెకీ ముళ్లుంటాయి, చెయ్యి జాగ్రత్త. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం (గోపాల్‌పూర్) దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు కొమ్మలు చాలా విరిగాయి గానీ, మొదళ్లు మళ్లీ చిగిర్చాయి.

అందుకే కొట్టకండి. ఇసుక జారకుండా, పశువులు రాకుండా కంచెగా పనికొస్తుంది. పువ్వే కావాలంటే తొన నాటి లాభం లేదు, పూత వచ్చేదాకా అది ఆడదో మగదో తెలీదు. పూత కళ్లారా చూసిన మగ పొద నుంచి ఊడలున్న కొమ్మ తెచ్చి, ఆకులు కత్తిరించి, తొలకరిలో పాతండి. పూతకి మూడు నాలుగేళ్లు ఆగాలి.

పాముల భయం సంగతంటారా, వాసనకి వస్తాయన్నది ఉత్తమాట. గుబురుగా ఉన్నచోట ఎలకలు చేరతాయి, వాటి కోసం వస్తాయి. అడుగున ఎండాకు ఎప్పటికప్పుడు తీసేయండి.