సరస్సు పక్కన కేబిన్‌లో వేసవి రోజు: పని ఎంత, విశ్రాంతి ఎంత?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మిన్నియాపొలిస్‌లో ఉంటూ, ఉత్తరాన ఒక సరస్సు ఒడ్డున స్నేహితులతో కలిసి కేబిన్ కొనాలనుకుంటున్నామని, అక్కడ వేసవి రోజు ఎలా గడుస్తుందో, విశ్రాంతి కోసం వెళ్లి చాకిరీలో పడతామేమో చెప్పమని అడిగారు. అదే రాష్ట్రంలో బ్రెయినర్డ్ అనే ఊరు దాటాక ఒక చిన్న సరస్సు పక్కన మాకూ మరొక కుటుంబానికీ ఉమ్మడిగా అలాంటి ఇల్లు ఉంది కాబట్టి, జూలైలో మా శనివారం ఎలా నడుస్తుందో చెబుతాను. మధ్యాహ్న భోజనం వరకు పని, ఆ తరువాత విశ్రాంతి అన్నది మేము పెట్టుకున్న నియమం. అలాంటి గీత గీసుకోకపోతే పనికి అంతు ఉండదు.

తెల్లవారుజామున గాలి లేక నీరు కదలకుండా ఉంటుంది కాబట్టి నీటిలో దిగి చేయవలసిన పనులన్నీ అప్పుడే మొదలుపెడతాము. వాటిలో మొదటిది డాక్, అంటే ఒడ్డు నుంచి నీటిలోకి కాళ్ల మీద నిలబెట్టే నడకబల్ల. శీతాకాలంలో గడ్డకట్టిన మంచు కదిలి దాని కాళ్లను విరిచేస్తుంది కనుక శరదృతువులో దానిని ఒడ్డుకు లాగి, వసంతంలో మంచు కరిగాక మళ్లీ దించాలి. అంతటితో అయిపోదు, వానలను బట్టి నీటిమట్టం మారుతూ ఉంటుంది కాబట్టి వేసవిలో కూడా కాళ్ల ఎత్తు సరిచేస్తూ ఉండాలి. ఒక వేసవిలో ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు, చెరువు తూము దగ్గర నీటిమట్టం చూసే అలవాటుతో, డాక్ కాలికి రంగుతో గీతలు పెట్టి వెళ్లారు. ఆ గీతల వల్ల ఇప్పుడు ఈ పని ఊహతో కాక లెక్కతో జరుగుతోంది.

తరువాత నాచు. ఈతకు అడ్డుగా ఉన్న నీటిమొక్కలన్నిటినీ పీకేయాలని కొత్తవారికి అనిపిస్తుంది గానీ, చేపలు గుడ్లు పెట్టేదీ పిల్ల చేపలు దాక్కునేదీ వాటి మధ్యనే. మిన్నెసోటా నిబంధనల ప్రకారం నీటిలో మునిగి పెరిగే మొక్కలను అనుమతి లేకుండా 2,500 చదరపు అడుగులకు మించకుండా, ఒడ్డు వెంబడి 50 అడుగులు లేదా మీ ఒడ్డు పొడవులో సగం, ఏది తక్కువైతే అంతవరకే తీయవచ్చు. నీటిపైకి నిలిచే తుంగజాతి మొక్కలను తీయాలంటే అనుమతి తీసుకోవలసిందే. మా ఒడ్డున ఈతకు చాలినంత దారి చేసి మిగిలినదంతా వదిలేశాము. పడవను ఒక సరస్సు నుంచి మరొక దానికి తీసుకెళ్లేటప్పుడు అడుగున ఉన్న బిరడా తీసి, నీరంతా కార్చి, అంటుకున్న మొక్కలు దులిపి, బిరడా తీసే ఉంచి రోడ్డెక్కాలి. జీబ్రా మస్సెల్ అనే చిన్న గుల్లజీవి వంటి పరాయి జీవులు పాకకుండా చేసిన చట్టం ఇది. డాక్‌ను మరొక సరస్సులో దించాలన్నా ముందు 21 రోజులు ఎండనివ్వాలి.

ఇంటి లోపలి పనులలో నేను నొక్కి చెప్పేది సెప్టిక్ ట్యాంకు గురించి. ఇక్కడ మురుగు కాలువలు లేవు. వంటింటి నీరూ స్నానాల నీరూ అన్నీ అందులోకే వెళ్తాయి. మన వంటలో మిగిలే వేపుడు నూనె, పులుసుపై తేలే నూనె సింకులో పోస్తే ట్యాంకులో పేరుకొని, కొంతకాలానికి మురుగు ఇంకే నేలను మూసివేస్తాయి. అందుకే మా వంటింట్లో నూనెకు వేరే డబ్బా ఉంటుంది, వచ్చిన అతిథులందరికీ మొదట దానినే చూపిస్తాము. చెత్తబుట్టకు మూత గట్టిగా బిగించడం కూడా పనే, ఎందుకంటే ఆ ప్రాంతంలో నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. గడ్డి కోత, పైకప్పు అంచున వాననీటి గట్టర్లలో ఆకులు తీయడం వంటివి నగరంలో ఇంటికీ ఉన్నవే.

భోజనంలో పెద్ద వంట పెట్టుకోము: పెరుగన్నం, ఊరగాయ, ఉదయం డాక్ మీద నుంచి పిల్లలు వానపాములు గుచ్చి పట్టిన సన్‌ఫిష్ ఉంటే ఉప్పు, కారం, పసుపు పట్టించి వేపుడు. పదహారేళ్లు నిండినవారు గాలం వేయాలంటే లైసెన్సు ఉండాలి. పదేళ్లలోపు పిల్లలకు కదిలే పడవలో లైఫ్ జాకెట్ తప్పనిసరి అని చట్టం. మా దగ్గర డాక్ మీదకు వచ్చినా తొడగవలసిందే.

ఆ తరువాతి సమయాన్ని వర్ణించడం కష్టం, ఎందుకంటే అందులో చెప్పుకోదగ్గది ఏమీ జరగదు, జరగకపోవడమే దాని సుఖం. ఒకరు ఊయలలో నిద్రపోతారు, ఒకరు గాలి నింపిన ట్యూబులో తేలుతూ ఉంటారు, పేకాట ఒకటి ఎవరూ గెలవకుండానే సాగుతుంది. జూలై మొదట్లో రాత్రి 9 గంటలు దాటాక గానీ పొద్దుగుంకదు కాబట్టి మధ్యాహ్నం అనేది ఎంతో పొడవుగా ఉంటుంది, నాకు ఆ ఇంటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. సాయంత్రం దోమలు లేస్తాయి; అప్పుడు లోపలికి వచ్చి పిల్లల మోకాళ్ల వెనుక, చెవుల వెనుక, తల వెంట్రుకలలో పిడుదులు పట్టాయేమో వెతుకుతాము. లైమ్ వ్యాధిని తెచ్చే జింక పిడుదు గసగసాల గింజంత కూడా ఉండవచ్చు కనుక దీనికి బద్ధకించకూడదు.

ఇక మీ నిర్ణయం మాటకు వస్తే, డాక్ దించడం, నూనె డబ్బా కాపలా వంటి పనులు విసుగనిపిస్తే కొనకండి. వారం రోజులు రిసార్టులో అద్దెకుంటే మధ్యాహ్నాలు అన్నీ మీవే. కొనాలనే అనిపిస్తే, బేరానికి ముందు సెప్టిక్ ట్యాంకును చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారో, డాక్‌ను ఏటా ఎవరు తీస్తారో అమ్మేవారిని అడగండి. మీతో కలిసి కొనే స్నేహితులతో ఏ పని ఎవరిదో కాగితం మీద రాసుకోండి.